నాన్నగారి క్యాసెట్లు, రికార్డులు కంప్యూటర్‌లోకి ఎక్కించాలి: ఏది ముందు, ఏది తర్వాత?

సత్యనారాయణపురం

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, సత్యనారాయణపురం. నాన్నగారు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన పోయాక ఆయన పాటల బీరువా, రెండు ట్రంకు పెట్టెలు మేడ మీద గదిలో అలాగే ఉండిపోయాయి. ఇప్పుడు ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చాం, సంక్రాంతిలోపు ఖాళీ చేయాలి. అద్దె ఫ్లాట్‌లో ఇంత సామాను పట్టదు. "అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి కదక్కా, పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం" అంటున్నాడు తమ్ముడు. నాకు మనసొప్పడం లేదు.

ఉన్నవి చెబుతాను. ఎల్పీలు ఓ ఎనభై దాకా ఉంటాయి, ఎక్కువ హెచ్ఎంవీవే. ఘంటసాల గారివి, బాలమురళి గారివి ప్లాస్టిక్ కవర్లలో భద్రంగా ఉన్నాయి. వాటి కింద తాతగారి కాలం నాటి, నిమిషానికి 78 చుట్లు తిరిగే 78 ప్లేట్లు ఒక పాతిక. సీడీలు రెండు అట్టపెట్టెల నిండా ఉన్నాయి. కొన్ని కొన్నవి, కొన్ని తమ్ముడు ఇంట్లో రైట్ చేసినవి, కొన్ని బీసెంట్ రోడ్డులో కొన్న ఎంపీ3 సీడీలు. మిగిలినవన్నీ క్యాసెట్లు, మూడొందలకు తక్కువుండవు. వాటిలో చాలావాటి మీద నాన్నగారి చేతిరాతతో "భ.రం." అని, పక్కన తేదీ ఉంటుంది. పొద్దున్నే టూ-ఇన్-వన్‌లో ఆకాశవాణి విజయవాడ భక్తిరంజని పెట్టి, నచ్చిన కీర్తన రాగానే రికార్డ్ బటన్ నొక్కేవారు. ఆ టైంలో ఇంట్లో ఎవరం గిన్నె చప్పుడు కూడా చేయకూడదు. ఇంకో క్యాసెట్ మీద "అమ్మమ్మ – పెళ్ళి పాటలు" అని ఉంది. పెద్దక్క పెళ్ళిలో అమ్మమ్మ పాడిన తలంబ్రాల పాట, అప్పగింతల పాట అందులో ఉన్నాయని అమ్మ చెబుతోంది.

టూ-ఇన్-వన్‌లో ఒక స్పీకరే పలుకుతోంది. నాన్నగారి క్యాసెట్ డెక్‌లో లైటు వెలుగుతుంది కానీ టేపు తిరగదు. టర్న్‌టేబుల్ మాత్రం బాగానే ఉంది. నా దగ్గరున్నది మామూలు ల్యాప్‌టాప్. ఆన్‌లైన్‌లో యూఎస్‌బీకి తగిలించే చిన్న క్యాసెట్ ప్లేయర్లు కనబడుతున్నాయి, అది కొంటే సరిపోతుందా? నెలల తరబడి పట్టే పని అంటున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలో కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. చేసినవాళ్ళెవరైనా చెప్పండి.

లబ్బీపేట

మేడమ్, సీడీల సంగతి నేను చెబుతాను, అన్నిటికన్నా తేలిక అదే. మీ తమ్ముడు ఇంట్లో రైట్ చేసిన సీడీలు ముందు తీయండి. ఫ్యాక్టరీలో అచ్చయిన సీడీ చాలా ఏళ్ళు నిలుస్తుంది. రైట్ చేసినదాంట్లో పాట ఉండేది పల్చటి రంగు పొరలో, వేడికీ వెలుతురుకీ అది పాడవుతుంది. మేడ గదిలో మే నెల ఎండ తిన్నవంటే ఇంక ఆలస్యం చేయొద్దు.

ఆడియో సీడీలకు విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ప్రోగ్రామ్ వాడండి, ఉచితం. గీతలు పడిన చోట అది మళ్ళీ మళ్ళీ చదువుతుంది. ఇంగ్లీషు సీడీలైతే ఆన్‌లైన్ డేటాబేస్‌తో సరిచూసి సరిగ్గా వచ్చిందో లేదో చెబుతుంది. మన తెలుగు సీడీలు చాలావరకు అందులో దొరకవు. అందుకని "టెస్ట్ అండ్ కాపీ" పెట్టండి. రెండుసార్లు చదివి రెండూ ఒకటేనా అని చూస్తుంది, అవి కలిస్తే నిశ్చింత. ఫ్లాక్ అనే ఫైలు రకంలో దాచుకోండి. సీడీలో ఉన్నది ఒక్క ముక్క పోకుండా, సుమారు సగం జాగాలో సరిపోతుంది.

ఎంపీ3 సీడీలకు ఇదేమీ అక్కర్లేదు, ఫైళ్ళు కాపీ చేసుకుంటే చాలు. వాటిని ఫ్లాక్‌లోకి మార్చినా సైజు పెరుగుతుందే తప్ప, అప్పుడే పోయిన నాణ్యత తిరిగి రాదు.

క్యాసెట్ల గురించి తెలిసినవారు చెబితే నాకూ పనికొస్తుంది.

కొత్తపేట రికార్డింగ్

అమ్మా, నమస్కారం. గుంటూరు కొత్తపేటలో చాలా ఏళ్ళు రికార్డింగ్ సెంటర్ నడిపాను. జనం కాగితం మీద పాటల లిస్టు రాసుకొచ్చి, సోనీయో టీడీకేయో మెల్ట్రాకో ఖాళీ క్యాసెట్ ఒకటి చేతిలో పెట్టి వెళ్ళేవారు. ఇప్పుడు అదే పని వెనక్కి తిప్పి చేస్తున్నాను: క్యాసెట్లు తెస్తారు, పెన్‌డ్రైవ్ పట్టుకెళ్తారు. అందుకని కాస్త వివరంగానే రాస్తాను.

ముందు లెక్క చూసుకోండి. క్యాసెట్‌కి అడ్డదారి లేదు, గంటన్నర టేపుకి గంటన్నరా కూర్చోవాల్సిందే. ఒక్కోటి గంటే అనుకున్నా మూడొందల క్యాసెట్లకు మూడొందల గంటలు. ఇల్లు సర్దుకుంటూ సంక్రాంతిలోపు అది అయ్యే పని కాదు. వరసగా ఒకటో నంబరు నుంచి మొదలుపెడితే, సినిమా పాటలు ఎక్కించేలోగా పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. నా మాట ఒక్కటే: మీ ఇంట్లో తప్ప లోకంలో ఇంకెక్కడా లేనిది ముందు తీయండి.

సినిమా పాటల వరకూ మీ తమ్ముడి మాట నిజమే. వాటి అసలు టేపుల నుంచి తీసిన పాటలు కంపెనీలే అమ్ముతున్నాయి, మీ క్యాసెట్‌లో ఉన్నది దానికి కాపీ. వాటిని పక్కన పెట్టండి, పారేయమనడం లేదు. ఎల్పీలు కూడా ఆగుతాయి. నిలువుగా నిలబెట్టి, ఎండ తగలకుండా ఉంచితే ఇంకో పదేళ్ళయినా వాటికేమీ కాదు. అమ్మమ్మగారి క్యాసెట్ మాత్రం ప్రపంచంలో ఒక్కటే. దాని తర్వాత భక్తిరంజనులు.

ఆ రేడియో టేపుల విలువ మీకు తెలియాలి. విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు గారు, బాలమురళి గారు, వోలేటి వెంకటేశ్వర్లు గారు, శ్రీరంగం గోపాలరత్నం గారు అక్కడ పనిచేసినవాళ్ళే. స్టూడియోలో పాడి ప్రసారమైనవాటిలో చాలా భాగం ఏ కంపెనీ క్యాసెట్‌గానూ రాలేదు. "స్టేషన్‌లో దాచే ఉంటారులే" అన్న భరోసాతో మీ టేపు వదలొద్దు. ఇంకో మాట, పాట ముందు అనౌన్సర్ గొంతు, మధ్యలో టైం చెప్పడం, ఇవేవీ కత్తిరించకండి. ఎవరు పాడారు, ఎవరు రాశారు అన్న సమాచారం చాలాసార్లు ఆ రెండు ముక్కల్లోనే ఉంటుంది. అది కోసేస్తే రేపు మీ పిల్లలకు ఊరూ పేరూ లేని పాట మిగులుతుంది.

ఇక పని. ఏ క్యాసెట్‌నైనా మెషీన్లో పెట్టేముందు దాని వెనక అంచు చూడండి. రెండు మూలల్లో చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి. అవి విరగ్గొట్టి ఉంటే టేపు భద్రం, ఉంటే గనక ముందు విరిచేయండి. పొరపాటున రికార్డ్ బటన్ మీద చెయ్యి పడిందంటే అమ్మమ్మగారి గొంతు మీద మీ వంటింటి చప్పుడు ఎక్కుతుంది. తర్వాత కిటికీలోంచి టేపు చుట్ట చూడండి. అంచుల్లో తెల్లగా బూజు కనబడితే దాన్ని వేరే సంచిలో కట్టి పెట్టండి. అదే డెక్‌లో ఆడిస్తే ఆ బూజు మిగతా టేపులకీ అంటుకుంటుంది. బాగున్నవాటిని ఒకసారి చివరిదాకా ముందుకీ మళ్ళీ వెనక్కీ తిప్పండి. ఏళ్ళ తరబడి కదలని టేపు పొరలు ఒకదానికొకటి పట్టుకుని ఉంటాయి, తిప్పితే వదులవుతాయి.

ఆ యూఎస్‌బీ ప్లేయర్ బొమ్మ కొనకండి. అందులో మోటారు వేగం నిలకడగా ఉండదు, తంబురా శ్రుతి ఊగుతుంటే వినలేరు. మీ నాన్నగారి డెక్ బాగుచేయించండి. లైటు వెలిగి టేపు తిరగట్లేదంటే తొంభై పాళ్ళు బెల్టు పోయినట్టే, రబ్బరు జిగురులా కరిగిపోయి ఉంటుంది. గవర్నర్‌పేట వైపు పాత మెకానిక్కులను వాకబు చేయండి, వేసిస్తారు. టేపు మీది పాటను చదివే హెడ్డు, పక్కనున్న ఇనుప కడ్డీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో తుడవండి. దూదికి గోధుమరంగు అంటడం మానేదాకా తుడవాలి. రబ్బరు చక్రానికి కొంచెం సబ్బు నీళ్ళు చాలు.

ఇప్పుడు చెప్పేది చాలామంది వదిలేస్తారు. నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. మీ నాన్నగారు టూ-ఇన్-వన్‌లో రికార్డు చేశారు, మీరు డెక్‌లో ఆడిస్తారు. రెండిటి హెడ్లూ ఒకే వాలులో ఉండవు. వెంట్రుకవాసి తేడా ఉన్నా పాట మీద దుప్పటి కప్పినట్టు ఉంటుంది. హెడ్డుకి రెండు పక్కలా రెండు స్క్రూలుంటాయి. ఒకటి గట్టిగా బిగించి ఉంటుంది, దాని జోలికి పోవద్దు. రెండోదాని కింద చిన్న స్ప్రింగు ఉంటుంది, తిప్పాల్సింది దాన్నే. అయస్కాంతం లేని సన్న స్క్రూడ్రైవర్ తీసుకోండి, కుడి ఎడమ ఛానళ్ళు రెండూ కలిపి మోనోలో వినండి. భజన అయితే తాళాల మీద, హరికథ అయితే చిడతల మీద చెవి పెట్టండి. స్క్రూ కొంచెం కొంచెంగా తిప్పుతుంటే, మందంగా "తప్ తప్" అన్న చిడతలు ఒక చోట "చణ్ చణ్" అని విచ్చుకుంటాయి. అక్కడ ఆపండి. పావు చుట్టు కూడా అక్కర్లేదు. అదే మెషీన్లో రికార్డు చేసిన భక్తిరంజనులన్నిటికీ ఇంచుమించు అదే వాలు సరిపోతుంది. కంపెనీ క్యాసెట్లకు మళ్ళీ మార్చాలి. ఈ ఒక్క పని సరిగ్గా చేస్తే, తర్వాత కంప్యూటర్‌లో ఫిల్టర్లతో పెద్దగా పనుండదు.

డెక్ వెనక లైన్-అవుట్ నుంచి తీయండి, హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కాదు. ల్యాప్‌టాప్ మైక్ పిన్నులో గుచ్చితే మోనో అవుతుంది, గరగరలు వస్తాయి. లైన్-ఇన్ ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (డెక్ శబ్దాన్ని కంప్యూటర్‌కి అందించే డబ్బా) చిన్నది ఒకటి కొనండి, ఈ పని మొత్తంలో డబ్బు పెట్టాల్సింది దాని మీదే. ఆడాసిటీ అనే రికార్డింగ్ ప్రోగ్రామ్‌లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టి, ఎంత గట్టిగా పాడిన చోటైనా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. తక్కువైతే తర్వాత పెంచుకోవచ్చు, ఎర్రగీత తాకి చిట్లిన గొంతు మళ్ళీ అతకదు. గంటన్నర టేపు ఇలా తీస్తే వేవ్ ఫైలు ఒకటిన్నర జీబీ అవుతుంది. ఫ్లాక్ చేస్తే మీ మూడొందలూ 1 టీబీ డిస్కులో పట్టి ఇంకా చోటు మిగులుతుంది.

ఒక్కో వైపు మొత్తాన్ని ఒకే ఫైలుగా, ఉన్నదున్నట్టు దాచండి. పాటలుగా విడగొట్టడం, బుస (టేపు వెనక వినిపించే "స్స్" చప్పుడు) తగ్గించడం అంతా దాని నకలు మీద చేసుకోండి. బుస మొత్తం తీసేయాలని చూస్తే గమకాల్లో ఉన్న ఊపిరి కూడా పోతుంది. నాకైతే కొంచెం బుస ఉన్నా ఫర్వాలేదు.

78 ప్లేట్ల గురించి ఒక్క హెచ్చరిక. వాటిని ఆల్కహాల్‌తో తుడవొద్దు, అవి లక్కతో చేసినవి, కరిగిపోతాయి. ఎల్పీ ముల్లుతో ఆడించొద్దు. ఎల్పీ ముల్లు మొన సుమారు 18 మైక్రాన్లు, 78 గాడికి కావాల్సింది 75 దాకా. సన్న ముల్లు గాడి అడుగున ఈడ్చుకుంటూ పోతుంది, గరగర తప్ప పాట సరిగ్గా రాదు. కొత్త ఇంట్లో కుదురుకున్నాక చూసుకుందాం, ఇప్పుడు వాటిని తువ్వాళ్ళలో చుట్టి నిలువుగా పెట్టండి. చేతి నుంచి జారితే పెంకులే.

సింగ్‌నగర్

అక్కా, నేను రెండే మాటలు చెబుతాను. పాటలు తీసే పద్ధతి గురించి కాదు, దాచే పద్ధతి గురించి.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు వరద మా పేటలోకి వచ్చింది. మా అన్నయ్య వాళ్ళది గ్రౌండ్ ఫ్లోర్. నీళ్ళు రోజుల తరబడి తీయలేదు. వదిన వాళ్ళ నాన్నగారి క్యాసెట్లు, వాటిని ఎక్కించుకున్న హార్డ్ డిస్కు, రెండూ ఒకే బీరువాలో ఉన్నాయి. రెండూ కలిసే మునిగాయి. ఇంట్లో ఎన్ని కాపీలున్నా ఇల్లే మునిగితే అన్నీ ఒక్కటే. మీరు ఒక కాపీ ఇంట్లో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న మీ అక్క దగ్గర, ఇంకొకటి క్లౌడ్‌లో పెట్టండి. మొత్తం పాటలు క్లౌడ్‌లో పెట్టడం ఖర్చనుకుంటే అమ్మమ్మ గారి టేపు, రేడియో టేపులు పెట్టినా చాలు.

క్యాసెట్లు మాత్రం చాలావరకు బతికాయి. టేపు ప్లాస్టిక్ కదా. బురద ఆరి గట్టిపడకముందే మంచినీళ్ళలో కడిగి, చివర్లో బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, నీడలో ఫ్యాన్ గాలికి ఆరబెట్టాం. ఎండలో పెట్టలేదు, హెయిర్ డ్రయ్యర్ వాడలేదు, పూర్తిగా ఆరేదాకా ఏ మెషీన్లోనూ పెట్టలేదు. మునిగిన డిస్కుకి కరెంటు ఇవ్వకుండా డేటా తీసేవాళ్ళకే ఇచ్చాం.

పోయిందేమిటంటే రాతలు. బాల్‌పెన్నుతో రాసినవి నిలిచాయి, స్కెచ్ పెన్నుతో రాసినవన్నీ కడుక్కుపోయాయి. ఏ టేపులో ఏముందో ఇప్పటికీ ఒక్కోటి విని రాసుకుంటున్నారు. కాబట్టి అక్కా, డెక్ బాగయ్యేదాకా ఆగకండి. ఈ రోజే ఫోన్ తీసుకుని ప్రతి క్యాసెట్‌కీ అట్ట ముందు, వెనక, ఎ వైపు, బి వైపు ఫొటోలు తీసేయండి. నాన్నగారి చేతిరాత కూడా ఉంటుంది.

లబ్బీపేట

సింగ్‌నగర్ గారు చెప్పిన ఫొటోలకు ఇంకొకటి కలుపుతాను. ప్రతి క్యాసెట్‌కీ ఒక నంబరు అంటించి, ఫొటోకీ ఫోల్డరుకీ అదే నంబరు పెట్టండి. పేర్ల సంగతి తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

పేర్లు పెట్టేటప్పుడు ఒక్క పద్ధతికి కట్టుబడండి. ఘంటసాల, ఘంటసాల వెంకటేశ్వరరావు, ఘంటసాల గారు అని మూడు రకాలుగా రాస్తే ప్లేయర్ ముగ్గురు గాయకులని చూపిస్తుంది. కీర్తనలకైతే కంపోజర్ అన్న గడిలో త్యాగరాజు, అన్నమయ్య, రామదాసు అని వాగ్గేయకారుల పేరు రాయండి. పాడినవారి పేరు ఆర్టిస్ట్ గడిలో, రాగం తాళం కామెంట్‌లో రాయండి. అప్పుడు "మోహన" అని వెతికితే అన్నీ వస్తాయి. పాటల ఫైళ్ళలో ఈ వివరాలు రాసే ఎంపీ3ట్యాగ్ ప్రోగ్రామ్ తెలుగు అక్షరాలను చక్కగా తీసుకుంటుంది. పాత కారు స్టీరియోల్లో తెలుగు డబ్బాలుగా కనిపిస్తుంది. కారు కోసం తీసే ఎంపీ3 కాపీలకు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పేరు పెట్టుకోండి. అసలు ఫైళ్ళలో తెలుగే ఉంచండి.

సత్యనారాయణపురం

అందరికీ చాలా చాలా థాంక్స్ అండీ. సింగ్‌నగర్ తమ్ముడి మాట విని ముందు ఫొటోలు తీయడం మొదలుపెట్టాను, మా అబ్బాయి నంబర్లు అంటిస్తున్నాడు. డెక్‌కి బెల్టు వేయించాను, తిరుగుతోంది. బాబాయిగారూ, మీరు చెప్పినట్టు స్క్రూ తిప్పితే ఒక భజన క్యాసెట్‌లో తాళాలు ఎంత స్పష్టంగా వినిపించాయో! అమ్మ వంటింట్లోంచి వచ్చి కూర్చుంది.

ఒక్క టెన్షన్ మాత్రం ఉంది. అమ్మమ్మ క్యాసెట్‌లో, టేపు వెనకాల మెత్తగా చిన్న గుడ్డ ముక్క ఉంటుంది కదా, అది ఊడి లోపల పడిపోయింది. ఆడిస్తే పాట వచ్చీ రానట్టు వినిపిస్తోంది, వెంటనే ఆపేశాను. విప్పుదామంటే ఆ క్యాసెట్‌కి స్క్రూలే లేవు. ఏం చేయాలి?

కొత్తపేట రికార్డింగ్

ఆపేసి మంచి పని చేశారమ్మా. గాభరా పడకండి, టేపుకి ఏమీ కాలేదు. ఆ గుడ్డ ముక్క టేపుని హెడ్డుకి ఆనించి ఉంచుతుంది. మన వేసవి ఎండలకు దాని జిగురు ఎండి ఊడిపోతుంది, ఇది రోజూ చూసేదే.

ఆ క్యాసెట్ డొక్కు, అంటే టేపు ఉండే ప్లాస్టిక్ పెట్టె, అతికించిన రకం. స్క్రూలున్న క్యాసెట్ ఇంకొకటి, మీ సినిమా పాటల్లో రెండు కాపీలున్నదేదైనా తీసుకోండి. దాని ఐదు స్క్రూలూ విప్పి, బల్ల మీద వెల్లకిలా పెట్టి, పై మూత మాత్రం ఎత్తండి. ఫొటో తీసుకోండి, ఏ చక్రం ఎక్కడుందో, టేపు దేని చుట్టూ తిరుగుతోందో తెలియాలి. అందులోని రెండు చుట్టలూ తీసేయండి. మూలల్లోని చిన్న చక్రాలు, గుడ్డ ముక్క ఉన్న రేకు, పల్చటి జారుడు కాగితాలు కదలకుండా ఉండాలి.

అమ్మమ్మగారి టేపుని ముందు పెన్సిల్‌తో ఒక చివరికి పూర్తిగా చుట్టేయండి, అప్పుడు ఒక చుట్టే బరువుగా ఉంటుంది, పట్టుకోవడం తేలిక. తర్వాత అతుకు గీత వెంట పల్చటి బ్లేడు ఆనించి, లోపలికి దించకుండా, నాలుగు వైపులా కొద్దికొద్దిగా నొక్కుకుంటూ రండి. ప్లాస్టిక్ పగిలినా నష్టం లేదు, ఆ డొక్కు మనకు మళ్ళీ అక్కర్లేదు. మూత లేచాక రెండు చుట్టలనీ ఒకేసారి, రెండు చేతులతో, బల్లకు సమాంతరంగా ఎత్తి కొత్త డొక్కులో దింపండి. ఎ వైపు పైకే ఉండాలి. టేపుని వేలితో ముట్టుకోకండి, గోధుమరంగు ముదురుగా మెరవని వైపు బయటికి, అంటే హెడ్డు వైపుకి ఉందో లేదో చూసుకుని మూత పెట్టండి. స్క్రూలు మరీ బిగించొద్దు, చక్రాలు పట్టేస్తాయి. పెన్సిల్‌తో తిప్పి చూసి, అడ్డు లేకుండా తిరిగితేనే డెక్‌లో పెట్టండి. పెట్టిన మొదటిసారే రికార్డింగ్ ఆన్ చేసి ఉంచండి.

దీనికి ముందు పనికిరాని క్యాసెట్ ఒకటి విప్పి చెయ్యి అలవాటు చేసుకోండి. అప్పటికీ ధైర్యం చాలకపోతే ఆదివారం బస్సెక్కి గుంటూరు రండి, అమ్మగారిని కూడా తీసుకురండి. మీ ఎదురుగానే మార్చి, మీ ఎదురుగానే కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇస్తాను. వచ్చేటప్పుడు క్యాసెట్‌ని పర్సులో ఫోన్ పక్కన పెట్టకుండా, విడిగా డబ్బాలో వేసుకురండి.